పంటి పాచి: అంటుకొనే తీరు, గట్టిపడే తీరు

తెలుగులో ‘పాచి’ అన్న మాట చాలా చోట్ల పనిచేస్తుంది. చెరువు మెట్ల మీద కాలు జారేలా చేసే పచ్చని పొర పాచి. తెల్లవారి ఇంకా కడుక్కోని ముఖం పాచిముఖం. రాత్రి మిగిలి, ఉదయానికి వాసన వేసే అన్నం పాచిపోయిన అన్నం. నిద్ర లేవగానే నాలుకతో తడిమితే పళ్ల మీద జిగటగా తగిలేది కూడా పాచే. కన్నడంలో పాచి అన్నా, తమిళంలో పాసి అన్నా నీటిలో రాళ్లను పట్టుకొని పెరిగే నాచే స్ఫురిస్తుంది. తెలుగువారు మాత్రం చెరువు మెట్టుకూ పంటికీ ఒకే మాట వాడుతూ వచ్చారు. ఆ వాడుకలో ఎంత నిజం ఉన్నదో సూక్ష్మజీవశాస్త్రం ఇటీవలి దశాబ్దాలలో గానీ తేల్చలేదు. తడి రాతి మీది జిగట పొరా, పంటి మీది జిగట పొరా ఒకే జాతివి. సూక్ష్మజీవులు ఒక తలాన్ని ఆశ్రయించి, తామే తయారుచేసుకొన్న జిగురులో గుంపుగా కాపురముండే ఇటువంటి పొరను శాస్త్రజ్ఞులు ‘జీవపొర’ అంటారు. నీటి గొట్టాల లోపలి గోడలకు పట్టే జారుడు కూడా ఇదే.

పాచి అంటే పళ్ల మధ్య ఇరుక్కొన్న ఆహారమన్న అభిప్రాయం నేటికీ బలంగా ఉంది. అది సరికాదు. అన్నం మెతుకు పుక్కిలిస్తే పోతుంది, పాచి పోదు. ఒక రోజంతా ఏమీ తినకుండా ఉపవాసమున్న వారి పళ్లకు కూడా పాచి పడుతుంది. పాచి ఆహారపు మిగులు కాదు, ప్రాణమున్న బాక్టీరియాల గుంపు. తడి పాచిని ఒక గ్రాము తూచితే అందులో సుమారు పదివేల కోట్ల బాక్టీరియాలు ఉంటాయి. మానవుల నోళ్లలో ఇప్పటివరకు గుర్తించిన బాక్టీరియా జాతులు 700కు పైబడినవే. ఏ ఒక్కరి నోటిలోనూ అవన్నీ ఉండవు, కానీ ఏ ఒక్కరి నోరూ వాటికి దూరం కాదు.

వీటిని మొదట చూసినవాడు వైద్యుడు కాదు, బట్టల వర్తకుడు. హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణానికి చెందిన ఆంటోనీ వాన్ లీవెన్‌హాక్ తాను స్వయంగా అరగదీసిన కటకాలతో తన పళ్ల సందులలోని తెల్లని పదార్థాన్ని పరీక్షించి, అందులో చిన్న జీవులు చురుకుగా కదులుతున్నాయని 1683 సెప్టెంబరులో లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. ఆయన రోజూ ఉప్పుతో పళ్లు రుద్దుకొనే అలవాటున్న మనిషి కావడం ఇక్కడ గమనించదగినది. శుభ్రంగా ఉంచుకొన్న నోటిలో కూడా అవి ఉన్నాయి. ఆయన చేసిన మరొక పరిశీలన అంతకన్నా విలువైనది. వెనిగరు ఈ జీవులను చంపుతుందని తెలుసుకొన్న తరువాత దానితో నోరు కడిగి చూశాడు. పొర పైభాగాన ఉన్నవి మాత్రమే చచ్చాయి, లోపలివి యథాతథంగా ఉన్నాయి. మూడు వందల నలభై ఏళ్ల తరువాత కూడా, రంగురంగుల పుక్కిలింపు మందులు కొనేవారు తెలుసుకోవలసిన సంగతి ఇదే.

కొట్టుకుపోకుండా నిలిచే ఉపాయం

నోరు బాక్టీరియాలకు అంత సుఖమైన చోటేమీ కాదు. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. దానిలో కొట్టుకుపోయినది ఏదైనా కడుపులోని ఆమ్లంలో పడవలసిందే. కాబట్టి నోటిలో బతకదలచిన జీవి దేనినైనా గట్టిగా పట్టుకోవాలి. బుగ్గల లోపలి చర్మాన్నీ నాలుకనూ పట్టుకొంటే లాభం తక్కువ, ఎందుకంటే ఆ చర్మం పైపొరలు ఎప్పటికప్పుడు రాలిపోతూ, పట్టుకొన్న బాక్టీరియాలను తమతో తీసుకుపోతాయి. శరీరంలో పై పొర రాలని, బయటి వాతావరణానికి తెరచి ఉన్న గట్టి తలం పన్ను ఒక్కటే. పాచి పళ్ల మీదనే మందంగా పేరుకోవడానికి అసలు కారణం ఇది. కట్టుడు పళ్లకూ ఇదే వర్తిస్తుంది. అవి పుచ్చవు గాని పాచి మాత్రం పడతాయి.

అయితే బాక్టీరియా నేరుగా పంటిని తాకదు. పన్నును ఎంత తెల్లగా తోమినా, కొద్ది నిమిషాలలోనే లాలాజలంలోని మాంసకృత్తులు దాని మీద పలుచని తెరలా పరచుకొంటాయి. పంటి పై కవచమైన ఎనామిల్ దాదాపు 96 శాతం ఖనిజం. అందులోని కాల్షియం, ఫాస్ఫేటులు ఈ మాంసకృత్తులను ఆకర్షిస్తాయి. ఈ తెర మందం ఒక మైక్రానుకు లోపే, అంటే తల వెంట్రుక మందంలో డెబ్బయ్యో వంతు కూడా ఉండదు. ఇది మాలిన్యం కాదు. ఎనామిల్‌ను ఒరిపిడి నుంచీ, కొంతమేరకు ఆమ్లం నుంచీ కాపాడే పొర ఇది. చిక్కేమిటంటే, కాపాడవలసిన ఆ పొరే వచ్చినవారికి అరుగు అవుతుంది.

ఇక అంటుకోవడం రెండు అంచెలలో సాగుతుంది. లాలాజలంలో తేలుతూ వచ్చే బాక్టీరియాకూ, ఈ తెరకూ రెండింటికీ ఋణ విద్యుదావేశమే. ఒకే రకం ఆవేశాలు ఒకదానినొకటి నెట్టివేస్తాయి. మరోవైపు, దగ్గరగా వచ్చిన ఏ రెండు పదార్థాల మధ్యనైనా ఉండే బలహీనమైన ఆకర్షణ లోపలికి లాగుతుంది. ఈ రెండూ సరితూగే చోట, తలానికి అతి స్వల్ప దూరంలో, బాక్టీరియా ఊగిసలాడుతూ నిలుస్తుంది. ఆ దశలో ఒక గుక్క నీరు చాలు, అది కొట్టుకుపోతుంది. అది పోకుండా నిలిస్తే రెండవ అంచె మొదలవుతుంది. బాక్టీరియా ఒంటి మీద సన్నని నూగువంటి పోగులూ, ప్రత్యేకమైన మాంసకృత్తులూ ఉంటాయి. అవి తెరలోని నిర్దిష్టమైన అణువులను తాళంచెవి తాళాన్ని వెదకినట్లు వెదకి పట్టుకొంటాయి. ఒక పట్టు బలహీనమే కావచ్చు. వందల పట్లు ఒక్కసారి బిగిస్తే, ఇక దానిని కదిలించడానికి నీరు చాలదు, ఒరిపిడి కావాలి.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఆ మాంసకృత్తులే లాలాజలంలో కూడా విస్తారంగా తేలుతుండగా, బాక్టీరియా వాటినే పట్టుకొని పంటిదాకా రాకుండానే ఎందుకు ఆగిపోదు? కొంతవరకు ఆగుతుంది. లాలాజలంలోని కొన్ని పదార్థాలు బాక్టీరియాలను ముద్దలుగా చుట్టి మింగించివేస్తాయి, అది శరీరం ఏర్పాటు చేసుకొన్న రక్షణ. కానీ ప్రోలిన్ అనే ఆమ్లం అధికంగా గల ఒక తరగతి మాంసకృత్తుల సంగతి వేరు. ద్రవంలో తేలుతున్నంతసేపు వీటిలోని పట్టుకొనే భాగం ముడుచుకొని లోపల దాగి ఉంటుంది. పంటికి అంటుకొన్న మరుక్షణం అణువు ఆకృతి మారి ఆ భాగం బయటపడుతుంది. కొన్ని బాక్టీరియాలు సరిగ్గా ఆ బయటపడిన భాగాన్నే గుర్తిస్తాయి. అందువల్ల అవి లాలాజలపు ఉచ్చులో పడకుండా నేరుగా పంటిని చేరుతాయి. మనిషి నోటికీ ఈ జీవులకూ మధ్య సహవాసం ఎంత పాతదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

మొదటి గంటలలో వచ్చి స్థిరపడేవి ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ కుటుంబానివి, గొలుసు పూసల్లా ఉండే గుండ్రని జీవులు. వాటితో పాటు ఆక్టినోమైసిస్ అనేవి వస్తాయి. ఇవి పెద్దగా హాని చేయవు. పైగా చోటును ఆక్రమించి, అపకారులను కొంత అడ్డుకొంటాయి కూడా. అయితే ఇవి ప్రాణవాయువును వాడుకొంటూ పోతాయి గనుక పొర మందమయ్యేకొద్దీ అడుగున ప్రాణవాయువు కరువవుతుంది. అప్పుడు గాలి గిట్టని జాతులకు చోటు దొరుకుతుంది. పాత, కొత్త కాపురస్థులను కలిపేది ఫ్యూసోబాక్టీరియం అనే పొడవాటి జీవి. రెండు కొనలూ సన్నగా, నడుమ లావుగా, అచ్చం నూలు వడికే కదురులా ఉంటుంది. ఆ పేరు కూడా కదురు అనే అర్థం గల లాటిన్ మాట నుంచి వచ్చినదే. మగ్గం పని తరతరాలుగా తెలిసిన షోలాపూరు తెలుగువారికి దీని ఆకారం వేరుగా వర్ణించనక్కరలేదు. అది ఒక పక్క తొలి కాపురస్థులను, మరొక పక్క చిగుళ్లకు చేటు చేసే ఆలస్యపు అతిథులను పట్టుకొని వంతెనగా నిలుస్తుంది. ఒకటి విసర్జించిన ఆమ్లం మరొకదానికి ఆహారం. ఒకదాని సంకేత రసాయనం మరొకదానికి కబురు. రెండు రోజులు కదపకుండా వదిలితే అది ఇక గుంపు కాదు, వీధులూ కాలువలూ ఏర్పడిన ఊరు. ఈ ఊరి లోపల ఉన్న బాక్టీరియాను చంపడానికి, విడిగా తేలే బాక్టీరియాకు చాలిన మందు మోతాదు చాలదు. కొన్ని సందర్భాలలో వెయ్యి రెట్లు కావలసి వస్తుందని పరిశోధనలు చూపాయి. పన్ను సలిపినప్పుడల్లా మందుల దుకాణంలో రెండు యాంటీబయాటిక్ మాత్రలు అడిగి తెచ్చుకొనే అలవాటు ఎందుకు వృథాయో దీనిని బట్టి గ్రహించవచ్చు. నొప్పి తాత్కాలికంగా తగ్గినా ఊరు చెక్కుచెదరదు, మందుకు లొంగని జాతులు మాత్రం పెరుగుతాయి.

చక్కెర చేసే జిగురు

పాచి ఉన్నంత మాత్రాన పన్ను పుచ్చదు. దానికి చక్కెర తోడవాలి. అమెరికాలో పుట్టి బెర్లినులో పనిచేసిన డబ్ల్యు. డి. మిల్లర్ నోటి బాక్టీరియాలు పిండిపదార్థాలను ఆమ్లంగా మార్చి పంటిని కరగిస్తాయని 1890లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. 1924లో లండనులో జె. కిలియన్ క్లార్క్ పిప్పిపళ్ల నుంచి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను వేరుచేశాడు. సూక్ష్మజీవులు ఏమాత్రం లేకుండా పెంచిన ఎలుకలకు చక్కెర ఎంత పెట్టినా పళ్లు పుచ్చలేదని 1954లో తేలింది. ఇంతటితో కథ స్పష్టమైంది: చక్కెర ఒక్కటీ చాలదు, బాక్టీరియా ఒక్కటీ చాలదు.

మ్యూటన్స్ ప్రత్యేకత ఏమిటంటే, అది చక్కెరతో రెండు పనులు చేస్తుంది. ఇంట్లో వాడే చక్కెర, అంటే సుక్రోజ్, గ్లూకోజు ఫ్రక్టోజుల జంట. ఆ జంటను విడదీసినప్పుడు వెలువడే శక్తితోనే, విడిపోయిన గ్లూకోజులను ఒకదానికొకటి కూర్చి నీటిలో కరగని జిగురుదారాలను అల్లుతుంది. మిగిలినదానిని తిని లాక్టికామ్లాన్ని వదలుతుంది. జిగురు పాచిని పంటికి మరింత బిగిస్తుంది, ఆమ్లాన్ని లాలాజలం వెంటనే కడిగివేయకుండా లోపల నిలుపుతుంది. బెల్లం మంచిదని దానికి మినహాయింపు లేదు. బెల్లంలో అధికభాగం అదే సుక్రోజ్. జాతరలో కొన్న బెల్లపు జీళ్లు పళ్లకు అతుక్కొని ఎంతసేపు ఉంటాయో తిన్నవారికి తెలుసు.

తీపి నోటిలో పడిన కొద్ది నిమిషాలలో పాచిలోని పీహెచ్ విలువ పడిపోతుంది. అది సుమారు 5.5కు దిగితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. తరువాత అరగంట నుంచి గంటలోపు లాలాజలం ఆమ్లాన్ని విరిచి, కరిగిన ఖనిజాన్ని కొంత తిరిగి చేర్చుతుంది. దీనిని 1940ల్లో రాబర్ట్ స్టీఫన్ కొలిచి చూపాడు. దీని అర్థం సులభం. భోజనంతో పాటు ఒక లడ్డు తిన్నవారి పన్నుకు ఒక దెబ్బ తగిలితే, ఉదయం నుంచి సాయంత్రం దాకా గంటకొక చక్కెర టీ తాగినవారి పన్నుకు పది దెబ్బలు తగులుతాయి, నడుమ కోలుకొనే వ్యవధి కూడా ఉండదు. స్వీడనులోని విపెహోల్మ్ సంస్థలో 1945 తరువాత జరిగిన ప్రయోగంలో ఇదే రుజువైంది. భోజనంలో కలిసిన తీపి కన్నా భోజనాల మధ్య తిన్న అతుక్కొనే మిఠాయి ఎన్నో రెట్లు ఎక్కువ పళ్లను పుచ్చింది. ఆ ప్రయోగానికి వాడుకొన్నది మానసిక వైకల్యం గల ఆశ్రితులను. వారి సమ్మతి ఎవరూ అడగలేదు. వారి పళ్లు పోయాయి, ప్రపంచానికి జ్ఞానం దక్కింది. ఆ ఫలితాన్ని ఉదహరించే ప్రతిచోటా ఈ మాట కూడా చేర్చడం న్యాయం.

రాత్రి నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది. పాలసీసా నోట్లో ఉంచుకొనే నిద్రపోయే పసిబిడ్డ ముందుపళ్లు నల్లబడి విరిగిపోవడానికి ఇదే కారణం. పాలపళ్లు ఎలాగూ ఊడేవే కదా అని పెద్దలు ఊరుకొంటారు. కానీ వెనుక పాలదంతాలు పదేళ్లు దాటేవరకు ఉండవలసినవి. అవి ముందే పోతే శాశ్వత దంతాలు చోటు తప్పి మొలుస్తాయి, అంతకన్నా ముందు బిడ్డ నొప్పితో నమలలేక తిండి తగ్గిస్తాడు.

గార తీయిస్తే పళ్లు కదులుతాయా?

తోమకుండా వదిలిన పాచిలో లాలాజలపు కాల్షియం, ఫాస్ఫేటులు చేరి, ఒకటి రెండు వారాలలో అది రాయిలా గట్టిపడుతుంది. దీనినే గార అంటారు. కింది ముందుపళ్ల లోపలివైపునా, పై దవడ దంతాల బుగ్గవైపునా గార ముందుగా పడుతుంది, ఎందుకంటే లాలాజల గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకొంటాయి. గార ఎంత మన్నికైనదంటే, నియాండర్తాల్ మానవుల పంటిగార నుంచి కూడా ఆనాటి బాక్టీరియాల డీఎన్ఏను శాస్త్రజ్ఞులు రాబట్టగలిగారు. బ్రష్షుతో ఇది రాదు. దంతవైద్యుడు పనిముట్టుతో తీయవలసిందే.

ఇక్కడే మన ప్రజలలో ఒక భయం పాతుకొని ఉంది: గార తీయిస్తే పళ్లు వదులవుతాయని. ఈ భయానికి అనుభవమే ఆధారం, అందుకే దానిని నవ్వి తోసివేయరాదు. తీయించిన తరువాత నిజంగానే కొందరికి పళ్లు కదులుతున్నట్లు, సందులు ఏర్పడినట్లు అనిపిస్తుంది. జరిగినది ఏమిటంటే, చిగురు అంచున చేరిన పాచికి శరీరం వాపుతో స్పందిస్తుంది. ఆ వాపు ఏళ్ల తరబడి కొనసాగితే పంటిని పట్టి ఉంచే ఎముక క్రమంగా కరిగిపోతుంది. ఎముక పోయిన చోట గార నిండి, పక్కపక్క పళ్లను సిమెంటులా అతికి నిలుపుతుంది. దానిని తొలగించగానే, అంతకు ముందే జరిగిపోయిన నష్టం బయటపడుతుంది. పంటిని వదులు చేసినది వైద్యుడి పనిముట్టు కాదు, ఆ గార కిందే దాగిన సూక్ష్మజీవులు. భయపడి వాయిదా వేసినకొద్దీ మిగిలిన ఎముక కూడా తరుగుతుంది, పోయినది తిరిగి రావడం కష్టం.

అయితే ఎముక దాకా పోకముందు, చిగురు వాపు దశలోనే మేలుకొంటే పూర్తిగా కోలుకోవచ్చు. డెన్మార్కులోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లో బృందం 1965లో ప్రకటించిన అధ్యయనంలో, ఆరోగ్యవంతులైన పన్నెండు మంది పళ్లు తోమడం మానివేశారు. మూడు వారాల లోపే అందరి చిగుళ్లూ వాచాయి. తిరిగి తోమడం మొదలుపెట్టగా వారం రోజులకు తగ్గిపోయాయి. తోమేటప్పుడు చిగురు నుంచి రక్తం వస్తే సాధారణంగా జనం ఆ చోటును వదిలి మిగిలినవి తోముకొంటారు. చేయవలసినది దానికి విరుద్ధం. మెత్తని బ్రష్షుతో ఆ చోటనే మరింత శ్రద్ధగా తోమాలి. పది రోజులకు కూడా రక్తం ఆగకపోతే వైద్యునికి చూపాలి. మధుమేహం ఉన్నవారికి ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. చక్కెరవ్యాధి చిగుళ్ల వ్యాధిని ముదిరిస్తుంది, ముదిరిన చిగుళ్ల వ్యాధి రక్తంలో చక్కెరను అదుపు తప్పిస్తుంది.

పుల్ల, పొడి, బ్రష్షు

వేపపుల్ల, కానుగపుల్ల, ఉత్తరేణి వేరు వాడిన పూర్వులు అజ్ఞానులు కారు. నమిలి కుంచెలా చేసిన పుల్ల కొన పాచిని ఒరిపిడితో చెదరగొడుతుంది, కావలసినది కూడా ఒరిపిడే. దాని లోపమల్లా పళ్ల లోపలివైపుకూ, చివరి దంతాలకూ సరిగా అందకపోవడం. బొగ్గుపొడి, ఇటుకపొడి మాత్రం మంచివి కావు. అవి పాచితో పాటు ఎనామిల్‌ను కూడా అరగదీస్తాయి, అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. అన్నిటికన్నా హానికరమైనవి పొగాకు కలిసినవి. ఒడిశా పట్టణాలలో గుడాకు, మహారాష్ట్రలో మిశ్రీ పళ్లు తోమే పదార్థాలుగానే ఇళ్లలో చలామణి అవుతున్నాయి, అక్కడ స్థిరపడిన మన కుటుంబాలలోని స్త్రీలకు కూడా ఈ అలవాటు అంటింది. పళ్లపొడులలో, పేస్టులలో పొగాకు వాడకాన్ని భారత ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. పొగాకు చిగుళ్లకు రక్తప్రసరణ తగ్గించి రక్తం కారడాన్ని అణచివేస్తుంది గనుక వ్యాధి లోపల ముదురుతున్నా పైకి తెలియదు. నోటి పుండు, క్యాన్సరు సంగతి సరేసరి.

ఫ్లోరైడ్ గల పేస్టు కరిగిన ఖనిజం తిరిగి చేరడానికి తోడ్పడి, ఎనామిల్‌ను ఆమ్లానికి మరింత తట్టుకొనేలా చేస్తుంది. పిల్లలకు బఠానీ గింజంత చాలు, ఉమ్మివేయించాలి. అయితే కోలారు, చిక్కబళ్లాపురం, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలోనూ, తెలంగాణలో నల్లగొండ ప్రాంతంలోనూ భూగర్భజలంలోనే ఫ్లోరైడ్ మితిమీరి ఉన్న గ్రామాలున్నాయి. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటరాదని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 దాకా అనుమతించవచ్చని భారత ప్రమాణం. అటువంటి నీరు తాగి పెరిగినవారి పళ్ల మీది సున్నపు తెలుపు, గోధుమరంగు మచ్చలు పాచీ కాదు, గారా కాదు. అవి పన్ను ఏర్పడే వయసులోనే ఎనామిల్ లోపల పడినవి. వాటిని పోగొట్టాలని గట్టి బ్రష్షుతో, ఉప్పుతో, ఇటుకపొడితో రుద్దే యువతీయువకులు మచ్చను పోగొట్టలేరు, ఎనామిల్‌ను మాత్రం పోగొట్టుకొంటారు. బోరునీటిని పరీక్ష చేయించడం, చిన్నపిల్లలకు వేరే నీరు తాగించడం అక్కడి మార్గం.

తోమడం రోజుకు రెండు సార్లు, రెండేసి నిమిషాలు. రాత్రి తోమడం ఉదయం తోమడం కన్నా ముఖ్యం. బ్రష్షు కుచ్చును చిగురు అంచు వైపు కొంచెం ఏటవాలుగా ఉంచి చిన్న చిన్న కదలికలతో తోమాలి, ఎందుకంటే పాచి ఎక్కువగా కాపురముండేది ఆ అంచునే. పళ్ల సందులలోకి బ్రష్షు పోదు. అందుకు దంతాల దారం, లేదా సందులకు సరిపడే చిన్న బ్రష్షు వాడాలి.

పాచి పంటిరంగులోనే ఉంటుంది గనుక అద్దంలో చూస్తే ఏమీ కనిపించదు. దంతవైద్యులు ఎర్రరంగు మాత్ర నమిలించి దానిని బయటపెడతారు. ఇంట్లో మిఠాయిలకు వాడే ఎర్రని వంటరంగును నాలుగు చుక్కల నీటిలో కలిపి, దూదితో పళ్లకు అద్ది, ఒకసారి పుక్కిలించినా సరిపోతుంది. శుభ్రమైన చోటు నుంచి రంగు జారిపోతుంది, పాచి ఉన్న చోట నిలుస్తుంది. తోముకొన్న వెంటనే ఈ పరీక్ష చేసినా, చాలామందికి మూడు చోట్ల ఎరుపు కనబడుతుంది: కింది ముందుపళ్ల లోపలివైపు, చివరి దంతాల బుగ్గవైపు, ప్రతి రెండు పళ్ల నడుమ సన్నని నిలువు గీతగా. కుడిచేతితో తోమేవారిలో కొందరికి కుడివైపు కోరపళ్ల దగ్గర కూడా. మరునాడు బ్రష్షు ముందుగా వెళ్లవలసిన చోట్లు అవే.